పొట్టేలు కూపన్ మీద బ్యాంకు పేరేమిటి?

ప్రశ్న: మా నాన్నగారు 2018లో హజ్‌కు వెళ్లొచ్చారు. ఈమధ్య ఆయన ట్రంకు పెట్టె సర్దుతుంటే ఖుర్బానీ (జంతుబలి) కూపన్ ఒకటి దొరికింది. దాని మీద ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంక్ పేరుంది. బ్యాంకుకు పొట్టేళ్లతో పనేమిటి? అసలు వడ్డీ తీసుకోని బ్యాంకు ఎలా బతుకుతుంది సార్?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ఆ కూపన్ పారేయకండి, దాని వెనక మంచి కథే ఉంది. హజ్ చివర్లో మక్కా దగ్గరి మినాలో లక్షల మంది దాదాపు ఒకేసారి ఖుర్బానీ ఇస్తారు. ఒకప్పుడు ఆ ఎండలో అంత మాంసం తినేవాళ్లు లేక, దాచే వీల్లేక చాలావరకు పాడైపోయేది. 1983లో సౌదీ ప్రభుత్వం ఇందుకో పథకం పెట్టి, నడిపే బాధ్యత ఈ బ్యాంకుకు అప్పగించింది. యాత్రికుడు డబ్బు కట్టి కూపన్ తీసుకుంటాడు. అతని తరఫున కబేళాలో ఖుర్బానీ జరుగుతుంది. మాంసాన్ని గడ్డకట్టించి మక్కా పేదలకు, మిగిలింది ఇతర దేశాల పేదలకు పంపుతారు. మన హజ్ కమిటీ ద్వారా వెళ్లేవాళ్లలోనూ చాలామంది ఈ కూపన్లే తీసుకున్నారు.

బ్యాంకు అసలు పని మాత్రం రోడ్లకు, కరెంటుకు, నీళ్లకు, ఆస్పత్రులకు డబ్బు సర్దడం. 1973 డిసెంబరులో, చమురు ధర ఎగబాకుతున్న రోజుల్లో, ముస్లిం దేశాల ఆర్థిక మంత్రులు సౌదీ నగరం జెడ్డాలో కూర్చుని ఈ బ్యాంకు పెట్టాలనుకున్నారు. 1975 అక్టోబరు 20న అక్కడే తలుపులు తెరిచింది. ఇప్పుడు 57 సభ్య దేశాలు. అందరికంటే పెద్ద వాటా సౌదీ అరేబియాది.

ఇక వడ్డీ సంగతి. ఇస్లాంలో వడ్డీ తీసుకోవడం నిషిద్ధం. నేను వడ్డికాసులవాడి భక్తుణ్ణి, పైగా ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పంట రుణాలిచ్చినవాణ్ణి. వడ్డీ లేని బ్యాంకు అంటే మొదట నాకూ నమ్మబుద్ధి కాలేదు. ఒక దేశానికి కరెంటు కేంద్రం కోసం యంత్రాలు కావాలనుకోండి. నేనైతే డబ్బిచ్చి వడ్డీ వేస్తాను. ఈ బ్యాంకు ఆ యంత్రాలను తానే కొంటుంది. కొన్న ధర మీద కొంత లాభం వేసుకుని వాయిదాల మీద అమ్ముతుంది, దీన్ని మురాబహా అంటారు. లేదా అద్దెకిచ్చి, గడువు తీరాక వాళ్లకే వదిలేస్తుంది, అది ఇజారా. ఇంకా కట్టని వంతెనైతే దగ్గరుండి కట్టించి అప్పగించే పద్ధతి వేరే ఉంది. బాగా పేద దేశాలకు ఇచ్చే దీర్ఘకాల అప్పుల మీద ఆఫీసు ఖర్చుల మేరకే తీసుకుంటుంది.

'ఆ లాభం వడ్డీ కాదా?' అని మీరడగకముందే నేనే అడుగుతాను. బజారులో వడ్డీ రేటెంతో చూసుకునే చాలాసార్లు ఆ లాభం వేస్తారు. కాబట్టి మొత్తం కూడితే రెండు లెక్కలూ దగ్గర దగ్గరగానే రావచ్చు. కానీ అమ్మిన ధర ఒకసారి తేలితే తేలినట్టే. వాయిదా తప్పితే చక్రవడ్డీ మోపి సొమ్ము చేసుకోవడం కుదరదు. వస్తువు లేకుండా ఉత్త డబ్బు చేతులు మార్చి లాభం తీయడమూ కుదరదు. ట్రాక్టరు పేరుతో లోన్ తీసుకుని పెళ్లి చేసినవాళ్లను చూశాను కాబట్టి ఈ రెండోది నాకు నచ్చింది!

పెట్టుబడి కూడా అదే దారిలో తెస్తారు. సభ్య దేశాల మూలధనం చాలక 2003లో సుకూక్ పత్రాలతో మొదటిసారి 40 కోట్ల డాలర్లు సమీకరించారు. కొన్నవారికి వడ్డీ ఇవ్వరు, బ్యాంకు ఆస్తుల మీద వచ్చే అద్దెల్లో, వాయిదాల్లో వాటా ఇస్తారు.

మా బ్రాంచిలో ఒక ఉల్లిపాయల వ్యాపారి ఉండేవాడు. పొదుపు ఖాతాలో వడ్డీ పడగానే వచ్చి, 'ఎంత పడింది సార్, పైసలతో చెప్పండి' అనేవాడు. విత్‌డ్రాయల్ ఫారం వెనక రాసిచ్చేవాణ్ణి. ఒకసారి 41 రూపాయల 60 పైసలు. సరిగ్గా అంతా లెక్కపెట్టి తీసి, బయట మెట్ల మీద కూర్చున్న ముసలమ్మకు ఇచ్చేసి వెళ్లాడు. జెడ్డా బ్యాంకు గురించి చదివినప్పుడల్లా నాకు ఆ కాగితం ముక్కే గుర్తొస్తుంది.

ప్రశ్న: ఇంతమంది ముస్లింలున్న మన దేశం ఆ బ్యాంకులో ఎందుకు లేదు?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: బ్యాంకులో చేరాలంటే ముందు ముస్లిం దేశాల కూటమి అయిన ఇస్లామిక్ సహకార సంస్థలో సభ్యత్వం ఉండాలమ్మా. మనకది లేదు. ఆ సంస్థ పుట్టుకకు దారితీసిన 1969 నాటి రబాత్ (మొరాకో) సదస్సుకు మనల్ని పిలిచారు. అప్పటి కేంద్ర మంత్రి, తర్వాత రాష్ట్రపతి అయిన ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ బృందంతో వెళ్లారు కూడా. పాకిస్తాన్ పట్టుబట్టడంతో వాళ్లను బయటే ఉంచారు. ముస్లింలు మైనారిటీగా ఉన్న గయానా, సూరినామ్ మాత్రం సభ్య దేశాలే, చూడండి!

అయితే తలుపు మొత్తం మూసేయలేదు. సభ్యత్వం లేని దేశాల్లోని పేద ముస్లిం విద్యార్థుల కోసం బ్యాంకు 1980లలోనే స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది. వైద్యం, ఇంజినీరింగ్ చదివే మన పిల్లలకూ ఇది అందింది. విద్యార్థికి అది వడ్డీ లేని అప్పు. ఉద్యోగం వచ్చాక తిరిగి కట్టాలి, కానీ జెడ్డాకు కాదు. ఇక్కడి ట్రస్టుకే కడితే, ఆ డబ్బుతో మరో విద్యార్థి ఫీజు కడతారు.