బ్లూ రిడ్జ్ లేక్‌లో వాలై కావాలంటే ముందు జేబు చూస్కో తమ్ముడూ

తమ్ముడూ, అట్లాంటా వచ్చి ఇంకా ఏడాది కాలేదు, అప్పుడే ఇక్కడి జార్జియా కొండల్లో ఉన్న బ్లూ రిడ్జ్ లేక్‌లో వాలై అనే మంచినీటి చేప పట్టడానికి ఏ ఫిష్ ఫైండర్ (నీళ్ళలో చేపలెక్కడున్నాయో చూపే యంత్రం) కొనాలి, సెకండ్ హ్యాండ్ బోట్ తీస్కోవచ్చా అని అడుగుతున్నావ్. ఊళ్ళో ఎడ్యుకేషన్ లోన్ ఉందని కూడా నువ్వే రాశావ్. అందుకని ముందు డబ్బు సంగతి.

నేను కొత్తలో మిన్నెసోటా వాళ్ళ వీడియోలు చూసి, వాళ్ళు జలగలు గుచ్చి నాచు అంచుల్లో పడుతుంటే అదే సామానంతా క్రెడిట్ కార్డ్ మీద కొన్నా. జూలైలో బోట్ అద్దెకి తీస్కుని పట్టపగలు ఒడ్డెంబడి సాయంత్రం దాకా వేశా, ఒక్కటీ ముట్టలేదు. ఆ నెల ఇంటికి పంపే డబ్బులో కోత పడింది. నాన్న ఏమీ అనలేదు గానీ నాకు ఇప్పటికీ బాధే. సౌత్‌లో మన కొండల లేక్స్ డ్యామ్ కట్టి నింపినవి, లోతెక్కువ, నీళ్ళు తేట, నాచు తక్కువ. వాలై కంట్లో వెలుతురుని తిప్పికొట్టే పొర ఉంటది, అందుకే చీకట్లో వేటాడతది, ఎండెక్కితే లోతుకి పోతది. వేసవిలో అవి 30, 40 అడుగుల కింద, వాటికి తిండైన హెర్రింగ్ అనే చిన్న చేపల గుంపుల దగ్గరుంటే నేను ఒడ్డున వెతుకుతున్నా.

తక్కువ ఖర్చులో కావాలంటే ఫిబ్రవరి చివర్నుంచి మార్చిలో వెళ్ళు. నీళ్ళు 45-50 ఫారెన్‌హీట్‌కి వచ్చేసరికి గుడ్లు పెట్టడానికి టకోవా నది బ్లూ రిడ్జ్ లేక్‌లో కలిసే వైపు ఎక్కుతాయి, బోట్ లేకుండా ఒడ్డున నిలబడి పట్టొచ్చు. పొద్దుగూకాక వెళ్ళు. మామూలు స్పిన్నింగ్ రాడ్, 8 పౌండ్ల లైన్, పావు ఔన్స్ జిగ్‌లు (సీసం తల ఉన్న కొక్కేలు), ఒక డబ్బా వానపాములు, అంతే. జిగ్‌ని అడుక్కి దించి కొంచెం ఎత్తి వదులు. వాలై చాలాసార్లు గట్టిగా లాగదు, లైన్ కాస్త బరువెక్కినట్టు ఉంటది, చెత్త తగిలిందనుకుని మనవాళ్ళు వదిలేస్తారు. అప్పుడే రాడ్ గుంజి కొక్కెం దిగేలా కొట్టాలి. నోట్లో పళ్ళుంటాయి, మొప్పల అంచు కోస్తది, కొక్కెం ప్లయర్‌తోనే తియ్యి.

అట్లాంటాకి దగ్గరుంది కదా అని లానియర్ లేక్‌లో వాలై మీద ఆశ పెట్టుకోకు, అది స్పాటెడ్ బాస్, స్ట్రైపర్ అనే వేరే చేపల లేక్. హార్ట్‌వెల్, రేబన్ లేక్స్ వైపు కూడా జార్జియా డీఎన్‌ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) వాళ్ళు వాలై పిల్లలు వదులుతారు. లైసెన్స్ ఆన్‌లైన్‌లో తీస్కో, రెసిడెంట్ ఫీజుకీ నాన్ రెసిడెంట్ ఫీజుకీ చాలా తేడా ఉంది, అర్హత ఉందేమో చూస్కో. ఎన్ని పట్టొచ్చు, ఏ లేక్‌లో బ్లూబ్యాక్ హెర్రింగ్ ఎరగా వాడకూడదు, అన్నీ రూల్స్‌లో ఉంటాయి. పట్టినవి అపార్ట్‌మెంట్‌లో మనవాళ్ళకి అమ్మి ఖర్చు రాబట్టుకోవచ్చా అన్నావు, ఆ ఆలోచన మానుకో, వీసా మీదున్నోడివి.

వాలైకి కొరమీను లాగ ముళ్ళు తక్కువ, తెల్లటి కండ, పులుసులో విడిపోతది గాని వేపుడికి దీని తర్వాతే ఏదైనా.

బోట్ మాత్రం లోన్ తీరేదాకా వద్దు. ధర ఒక్కటే కాదు, ట్రెయిలర్, ఇన్సూరెన్స్, పైగా చాలా అపార్ట్‌మెంట్లలో ట్రెయిలర్ పెట్టనివ్వరు, దానికి వేరే అద్దె. మార్చిలో వస్తానంటే నా దగ్గర ఇంకో రాడ్ ఉంది, నువ్వు వెచ్చటి జాకెట్, హెడ్‌ల్యాంప్ తెచ్చుకో చాలు.