పెట్టెలు కలిపేశాక ఏ కార్డు ఎవరిదో ఎలా చెబుతారు?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటాం. మా అబ్బాయికి బేస్‌బాల్ కార్డులంటే (ఆటగాళ్ళ బొమ్మలతో అచ్చేసే, జనం సేకరించే కార్డులు) ప్రాణం. 2025 మేలో ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి, ఒకాయన దగ్గర ఆరు పెద్ద పెట్టెల పాత కార్డులు 4,200 డాలర్లకు కొన్నాను. ‘మా నాన్నగారి కలెక్షన్. 1975లో అటకెక్కించారు, అప్పట్నుంచి ఎవరూ తెరవలేదు. అన్నీ 50లు, 60ల నాటివే’ అని ప్రకటనలో ఉంది. ‘అందులో 1968 నోలన్ రయన్ రూకీ కార్డు (పేరుమోసిన ఆ ఆటగాడి తొలి కార్డు) ఉంది, ఒరిజినల్’ అని ఫోన్‌కు మెసేజ్ కూడా పెట్టారు. డబ్బు జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు ఫోన్‌తో డబ్బు పంపే సేవ) పంపాను. డిసెంబరు సెలవుల్లో నేనూ అబ్బాయీ కూర్చుని అన్నీ సంవత్సరాల వారీగా, టీముల వారీగా సర్దాం. మూడొంతులు 1987-91 మధ్యవే! కొన్ని చిల్లరగా అమ్మేశాం. రయన్ కార్డు నకిలీ అని కార్డు షోలో ఒక డీలర్ చెప్పాడు. అబ్బాయి వారం రోజులు సరిగా అన్నం తినలేదు. ఇది మోసం కాదా? పోలీసు కేసు పెట్టవచ్చా? రయన్ కార్డును ఏమీ చెప్పకుండా వచ్చే షోలో అమ్మేసి నష్టం పూడ్చుకోమని మిత్రులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ కేసును తేల్చేది మోసం అన్న మాట కాదు, ‘అన్నీ సర్దాం’ అన్న మాట. అబ్బాయి దగ్గర ముందే కార్డులు ఉండే ఉంటాయి. కొత్తగా వచ్చినవాటిని వాటితో కలిపేశారా? కలిపి ఉంటే రేపు కోర్టులో అమ్మినాయన చెప్పబోయే జవాబు ఒక్కటే: ‘నేనిచ్చినవన్నీ పాతవే. ఈ 1987 కార్డులు వాళ్ళింట్లోవి.’ రెండు కొట్ల కందిపప్పు ఒకే డబ్బాలో పోశాక ఏ గింజ ఎక్కడిదో చెప్పలేం. ఆయన అమ్మినవి ఇవేనని నిరూపించాల్సిన భారం మీది.

నాలుగు వేల డాలర్ల సరుకు ఇంటికి తెచ్చి మే నుంచి డిసెంబరు దాకా మూత తీయకపోవడం, తీసిన రోజు ఒక్క ఫొటో కూడా తీసుకోకపోవడం చాలా పెద్ద అజాగ్రత్త. ఇలాంటి లాటు కొన్నప్పుడు పెట్టె తెరుస్తూ వీడియో తీయాలి, పెట్టెలకు నంబర్లు వేయాలి, ఏ పెట్టెలోవి ఆ పెట్టెలోనే ఉంచి లెక్క రాసుకోవాలి. సర్దడం ఆ తర్వాతి పని.

అయినా దారి మూసుకుపోలేదు. ప్రకటనలోని ఫొటోలు మీ దగ్గర ఉన్నాయా? ఉంటే ఒక్కోటీ పెద్దది చేసి చూడండి. టాప్స్ కంపెనీ 1987లో అచ్చేసిన కార్డులకు చెక్క పలకలా కనిపించే గోధుమరంగు అంచు ఉంటుంది, దూరం నుంచి కూడా పోల్చుకోవచ్చు. ఏదో ఒక పెట్టెలో ముందు వరుసన అలాంటి అంచు కనబడితే, ఆ కార్డులు ఆయన ఇంట్లోనే, ఆయన పెట్టెలోనే ఉన్నాయని రుజువవుతుంది. 1975 నుంచి తెరవని పెట్టెలోకి 1987 కార్డు రాదు. అయితే ఆ ఫొటో ఆయనకూ పనికొస్తుంది. ‘చూసే కదా కొన్నారు’ అంటాడు. అంచు చూసి సంవత్సరం చెప్పేంత పరిజ్ఞానం అప్పుడు మీకు లేదన్నది నిజమైతే, ఆ మాట మీరే కోర్టులో స్పష్టంగా చెప్పాలి.

ఇక మోసం సంగతి. పోలీసు కేసు నిలబడాలంటే ఆయనకు తెలిసీ అబద్ధమాడాడని తేలాలి. వాళ్ళ నాన్నగారో, ఇంట్లో మరొకరో ఎనభైల్లో ఆ పెట్టెలు తెరిచి కొత్తవి పడేసి ఉండవచ్చు, అది ఆయనకే తెలియకపోవచ్చు. సివిల్ దావాకు ఆ తలనొప్పి లేదు. టెక్సాస్ వాణిజ్య చట్టం ప్రకారం సరుకు గురించి అమ్మేవాడు చెప్పిన వాస్తవం, ఇచ్చిన వర్ణన బేరంలో భాగమైతే అదే వారంటీ. తెలియక చెప్పినా ఉల్లంఘన ఉల్లంఘనే. ‘ఇందులో నిధి దొరకొచ్చు’ అంటే అది అమ్మకపు కబురు. ‘అన్నీ 50లు, 60ల నాటివే’, ‘ఒరిజినల్ రయన్ రూకీ’ అన్నవి మాత్రం వాస్తవంగా చెప్పిన మాటలు. ప్రకటన అడుగున ‘ఉన్నది ఉన్నట్టుగా అమ్మబడును’ అని ఉన్నా కంగారు పడకండి. స్పష్టంగా చెప్పిన ఇలాంటి మాటలను ఆ ఒక్క వాక్యం మామూలుగా చెరిపేయదు.

గడువు విషయంలో చాలామంది పొరబడతారు. వారంటీ దావాకు నాలుగేళ్ళు. అది మీకు లోపం తెలిసిన రోజు నుంచి కాదు, సరుకు చేతికొచ్చిన రోజు నుంచి లెక్క. అంటే మీకు 2029 మే వరకు ఉంది. టెక్సాస్ వినియోగదారుల మోసాల చట్టం కింద వెళ్ళాలంటే రెండేళ్ళే, దావాకు 60 రోజుల ముందు నోటీసు కూడా ఇవ్వాలి. అయితే ఈ రెండిటికంటే ముందు మీ కొంప ముంచగలిగే గడువు మరొకటి ఉంది. లోపం తెలిసిన తర్వాత, లేదా తెలిసి ఉండాల్సిన తర్వాత, సమంజసమైన సమయంలో అమ్మినవాడికి ఆ సంగతి తెలియజేయాలి. తెలియజేయకపోతే ఏ పరిహారమూ రాదు. ఆయనకు మీరు ఇప్పటిదాకా ఒక్క మెసేజ్ పెట్టినట్టు ఉత్తరంలో లేదు. మూత తీసి కార్డు వెనక్కి తిప్పితే సంవత్సరం కనబడుతుంది కాబట్టి మేలోనే తెలిసి ఉండాలని ఆయన లాయరు వాదిస్తాడు. ఆ వాదనకు ఇక ఒక్కరోజు కూడా బలం చేకూర్చకండి.

మిత్రుల సలహా మాత్రం వినకండి. నకిలీ అని తెలిసి ఆ రయన్ కార్డును ఒరిజినల్‌గా చెలామణీ చేస్తే, ఆయన మీద మీరు మోపాలనుకున్న నేరం మీరే చేసినవారవుతారు. ఆయనకు తెలియదని అనుకోవచ్చు, మీకు మాత్రం తెలుసు. ఆన్‌లైన్‌లో అమ్మినా, పోస్టులో పంపినా ఫెడరల్ నేరం దాకా వెళ్ళొచ్చు. వీసా మీద ఉన్నవారైతే ఆ చిక్కు ఇంకా పెద్దది. పైగా ఆ కార్డే మీ కేసులో గట్టి సాక్ష్యం, దాన్ని చేజార్చుకోవద్దు. అలాగే జెల్ డబ్బు వెనక్కి రప్పించడానికి ‘నేను పంపలేదు’ అని బ్యాంకులో అబద్ధపు ఫిర్యాదు ఇవ్వకండి. ‘డబ్బివ్వకపోతే జైలుకు పంపిస్తా’ అని ఆయనకు మెసేజులు పెట్టకండి, ఆ మెసేజులే మీ మెడకు చుట్టుకుంటాయి.

ఈ వారంలోనే ఆయనకు ఈమెయిల్, దాంతోపాటు రసీదు వచ్చే సర్టిఫైడ్ పోస్టు పంపండి. ఏ తేదీన కొన్నారు, ప్రకటనలో ఏముంది, మీకు దొరికింది ఏమిటి, ఎంత అడుగుతున్నారు అన్నది ఒక్క పేజీలో రాయండి. అబ్బాయి బాధ అందులో అక్కర్లేదు. ప్రకటన ఇంకా కనబడుతుంటే తేదీ పడేలా స్క్రీన్‌షాట్ తీయండి, తీసేసి ఉంటే మీ పాత మెసేజుల్లో లింకు, ఫొటోలు వెతకండి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే మానుకోండి. మిగిలిన కార్డులు ఇక అమ్మొద్దు. ఇప్పటిదాకా అమ్మినవి ఎవరికి, ఎంతకు అమ్మారో రాసిపెట్టండి. అబ్బాయి పాత కార్డులు ఏవో గుర్తున్నంతవరకు విడదీసి, ఎలా గుర్తుపట్టారో కూడా రాయించండి.

రయన్ కార్డుకు డీలర్ నోటిమాట చాలదు. భూతద్దంలో అక్షరాలు నిండు నలుపు సిరాగా కాకుండా చుక్కలుగా కనబడితే అనుమానించాల్సిందే, కానీ మీ భూతద్దం సాక్ష్యం కాదు. ముందూ వెనకా స్కాన్ తీసి, పీఎస్ఏ లాంటి గ్రేడింగ్ సంస్థకు (కార్డు అసలుదో కాదో చూసి, దాని స్థితిని బట్టి గ్రేడ్ ఇచ్చే సంస్థ) పంపండి. నకిలీ అయితే గ్రేడ్ ఇవ్వకుండా తిప్పి పంపుతారు. ఆ కాగితం దాచండి.

మొత్తం సరుకు తిరిగిచ్చి డబ్బంతా అడగడం ఇప్పుడు కష్టం, ఎందుకంటే కొన్ని అమ్మేశారు, కొన్ని కలిపేశారు. మీరు అడగాల్సింది తేడా సొమ్ము: ఆయన చెప్పినట్టే ఉంటే ఆ లాటు విలువెంత, నిజంగా మీ చేతికొచ్చినదాని విలువెంత. ఎనభైల చివర్లో కంపెనీలు విపరీతంగా అచ్చేయడంతో ఆ నాటి మామూలు కార్డుల్లో చాలావాటికి ఇప్పుడు ధర దాదాపు లేదు కాబట్టి తేడా పెద్దదే. ఇటీవల జరిగిన అమ్మకాల ధరలు ముద్రించి పెట్టుకోండి. నోటీసుకు జవాబు రాకపోతే ఆయన ఉండే ప్రాంతపు జస్టిస్ కోర్టులో (చిన్న మొత్తాల దావాలు వినే కోర్టు) దావా వేయండి. అక్కడ 20,000 డాలర్ల దాకా వింటారు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. దానికి ముందు ఆయన పూర్తి పేరు, ఇంటి చిరునామా సంపాదించండి. జెల్‌లో కనబడే పేరు ఒక్కటే ఉంటే సమన్లు అందజేయడం కుదరదు.