శంషాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరం? నిజంగా ఎన్ని గంటలు పడుతుంది?

అమ్మానాన్నల్ని డాలస్‌కి రప్పించుకుంటున్న మీరు అడిగారు కదా: దూరం ఒక చోట 14,400 కిలోమీటర్లనీ, ఇంకో చోట 15,600 పైనే అనీ ఉందన్నారు. టికెట్‌లో తెల్లవారుజామున 4కి బయల్దేరి అదే రోజు సాయంత్రం 4కి దిగుతారని ఉంది, 12 గంటల్లో ఎలా చేరతారన్నారు.

రెండు దూరాలూ కరెక్టే. 14,400 అనేది భూగోళం మీద దారం లాగి పట్టుకుంటే వచ్చే లెక్క. రెండు ఊళ్లూ భూమికి దాదాపు ఎదురెదురు వైపుల ఉన్నాయి కాబట్టి ఆ దారం ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. కానీ ఈ రూట్లో డైరెక్ట్ ఫ్లైట్ లేదు. మీ అమ్మానాన్నలు ఖతార్‌లోని దోహాలో ఫ్లైట్ మారుతున్నారు: శంషాబాద్ నుంచి దోహా సుమారు 2,900, అక్కణ్ణుంచి డాలస్ సుమారు 12,750. రెండూ కలిపితే 15,600 పైనే, ప్రయాణానికి పనికొచ్చే లెక్క ఇదే.

టికెట్‌లోవి ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. ఎండాకాలంలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. అక్కడ మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం గడియారం మారుస్తారు. మీరు చెప్పిన టికెట్ ఎండాకాలానిదైతే 12కి పదిన్నర కలిపి ఇరవై రెండున్నర గంటలు. అందులో దోహాకి నాలుగున్నర, అక్కడ ఆగేది రెండు, డాలస్‌కి పదహారు.

వచ్చేటప్పుడు డాలస్ నుంచి దోహాకి అదే దూరం, పోయేటప్పటికన్నా గంటన్నర ముందే అయిపోతుంది. పైన పడమర నుంచి తూర్పుకి వీచే గాలి వెనక నుంచి తోస్తుంది, పోయేటప్పుడు అదే ఎదురొస్తుంది. చలికాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. టికెట్‌లో రాసే గంటల్లో విమానం రన్‌వే దాకా నెమ్మదిగా పోయే టైమ్ కూడా కలిసే ఉంటుంది, అందుకే ఒక్కోసారి అరగంట ముందే దిగిపోతారు.

నన్నడిగితే పెద్దవాళ్లకి రెండు గంటల గ్యాప్ తక్కువే. అమెరికా ఫ్లైట్లకి గేటు దగ్గర మళ్లీ సెక్యూరిటీ చెక్ ఉంటుంది, మొదటి ఫ్లైట్ గంట లేటైతే పరుగే. డాలస్ ఫ్లైట్ తప్పిపోతే తరవాతది మర్నాటిదాకా లేకపోవచ్చు. మూడు, నాలుగు గంటలు ఉండేలా చూడండి, వీల్‌చైర్ బుకింగ్‌లోనే పెట్టించండి. చవగ్గా వస్తోందని న్యూయార్క్‌లోనో షికాగోలోనో మారే టికెట్ మాత్రం వద్దు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, అక్కడే సూట్‌కేసులు బెల్టు మీంచి తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ ఇవ్వాలి. దోహా నుంచి నేరుగా వస్తే ఇదంతా డాలస్‌లోనే, బయట మీరుంటారు.

తిరుగు ప్రయాణంలో తేదీ చూసుకోండి. సోమవారం సాయంత్రం 7కి డాలస్‌లో ఎక్కితే దోహాలో రెండున్నర గంటలు ఆగి శంషాబాద్‌లో దిగేది బుధవారం తెల్లవారుజామున 2:30కి. కారు మంగళవారం రాత్రే బయల్దేరాలి, బుధవారం రాత్రి కాదు.