పార్కింగ్ ఫైన్ కట్టనంటున్న మా చిన్నాకి, పెద్దమ్మ రాసేది

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, వాడు పార్కింగ్ ఫైన్ కట్టడంట, కౌన్సిల్ వాళ్ళకే ఎదురు లెటర్ రాస్తాడంట, వీసాకేమన్నా అవుద్దా" అని ఒకటే కంగారు. దానికి ధైర్యం చెప్పి పెట్టేశా గానీ నాకూ నిద్ర పట్టలేదు. భయం ఒక పక్క, ఇంకో పక్క ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మేం ఇంగ్లండ్ వచ్చిన కొత్తల్లో గవర్నమెంట్ ముద్ర ఉన్న కాయితం కనిపిస్తే చాలు, తప్పు మాదా కాదా అని కూడా చూడకుండా కట్టేసేవాళ్ళం. నువ్వు డబ్బు పెట్టి టికెట్ కొన్నావు, దాన్ని అడగడానికి నిలబడ్డావు, మంచి పని.

వీసా సంగతి ముందు చెప్పేస్తా. ఇది క్రిమినల్ కేసు కాదు, 2004 ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ యాక్ట్ కింద వేసే సివిల్ పెనాల్టీ, పోలీసులకీ దీనికీ సంబంధం లేదు. మీ అమ్మకి నేను చెప్పా, నువ్వూ ఇంకోసారి చెప్పు.

మీ అమ్మ ఫార్వర్డ్ చేసిన ఫోటో జూమ్ చేసి చూశా. కోడ్ 83 అని ఉంది, అంటే కార్ పార్కులో టికెట్ స్పష్టంగా కనపడేట్టు పెట్టలేదని (అదే రోడ్డు మీదైతే 06 వేస్తారు). డాష్‌బోర్డ్ మీద నీ టికెట్ ఉండనే ఉంది, బోర్లా పడి తెల్లటి వెనక వైపు పైకి తిరిగి ఉంది. ఆ మెషీన్ కాయితం ఎంత పల్చగా ఉంటుందో నాకు తెలుసు, డోర్ గట్టిగా వేస్తే చాలు ఎగురుతుంది. దిగాక అద్దంలోంచి ఒకసారి చూసుకోవద్దట్రా? సర్లే, అయిందేదో అయింది.

కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పీసీఎన్ (పెనాల్టీ చార్జ్ నోటీస్) నంబరు, బండి నంబరు కొడితే పార్కింగ్ వార్డెన్ తీసిన ఫోటోలన్నీ వస్తాయి, అవి దించి పెట్టుకో. కొన్ని టికెట్లకి వెనక వైపు కూడా నంబర్ ఉంటుంది, ఫోటోలో అది కనపడి నీ టికెట్ నంబర్‌తో కలిస్తే ఆ టికెట్ అప్పుడు బండిలోనే ఉందని వేరే రుజువు అక్కర్లేదు. టికెట్‌ని రెండు పక్కలా ఫోటో తియ్యి. కార్డుతో కొన్నావు కాబట్టి బ్యాంక్ స్టేట్‌మెంట్ పెట్టు. ఒరిజినల్ మాత్రం ఎవరికీ పంపకు, ఎవరడిగినా కాపీయే. మీ తాతయ్య కరెంటు బిల్లు రసీదులన్నీ ఒక ఇనప తీగకి గుచ్చి గోడకి వేలాడదీసేవారు, ఒకసారి పాత బకాయి ఉందని లైన్‌మన్ కనెక్షన్ పీకడానికొస్తే ఆ తీగ అలాగే చేత్తో పట్టుకెళ్ళి ఆఫీసులో టేబుల్ మీద పెట్టారు, పక్కన మీ అమ్మ ఆయన చొక్కా పట్టుకుని నిలబడింది. ఆ మనిషి మనవడివి నువ్వు, టికెట్ పారెయ్యలేదంటే నాకేం ఆశ్చర్యం లేదు.

ఇంక లెటర్. "నేను డబ్బు కట్టా కాబట్టి అసలు తప్పే జరగలేదు" అని మాత్రం వాదించకు. నీకు న్యాయంగానే అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది, కానీ అక్కడి రూలు డబ్బు కట్టమని మాత్రమే కాదు, కనపడేట్టు పెట్టమని కూడా. నువ్వు అడగాల్సింది వేరే: టికెట్ కొన్నాను, ఆ టైముకి చెల్లుతుంది, ఇదిగో రుజువు, బోర్లా పడింది, కౌన్సిల్‌కి రావాల్సిన డబ్బు వచ్చింది, మీకున్న విచక్షణాధికారంతో రద్దు చెయ్యండి అని. మొదటిసారి అయితే ఆ మాట కూడా రాయి, చాలా కౌన్సిళ్ళు చూసీచూడనట్టు వదిలేస్తాయి. గాలికి పడిందో డోరుకి పడిందో నీకు తెలీకపోతే తెలీదనే రాయి, కథలల్లకు. కోపం వద్దు, ఒక పేజీ దాటొద్దు.

లండన్ బయట ఇలాంటిదానికి మామూలుగా 50 పౌండ్లు, 14 రోజుల్లో కడితే 25. ఆ 14 రోజుల్లోపే నీ లెటర్ వెళ్ళాలి, అలా వెళ్తే వాళ్ళు ఒప్పుకోకపోయినా సగానికి కట్టే అవకాశం మామూలుగా మళ్ళీ ఇస్తారు, జవాబులో ఆ లైను ఉందో లేదో చూడు. ఈలోగా భయపడి కట్టెయ్యకు, కట్టావంటే కేసు అక్కడితో మూసేసినట్టే.

ఇప్పుడు నన్ను నిద్ర పోనివ్వని సంగతి, మీ పెదనాన్నది. ఆయనకి చెప్పే రాస్తున్నా, "రాయి, వాడికి పనికొస్తుంది" అన్నారు. మేం ఫ్లాట్ ఖాళీ చేసి ఈ ఇంటికి మారిన కొత్తల్లో ఆయనకీ సరిగ్గా నీలాంటి ఫైనే పడింది, టికెట్ కొన్నారు, అది సీటు పక్కకి జారిపోయింది. చక్కగా లెటర్ రాశారు, కొత్త అడ్రస్ పైన రాశారు, కౌన్సిల్ జవాబు ఆ కొత్త అడ్రస్‌కే వచ్చింది, కుదరదని. సరే, తర్వాత మెట్టు ఉంది కదా, నోటీస్ టు ఓనర్ అని ఒకటొస్తుంది, అదొచ్చాక 28 రోజుల్లో ఫార్మల్‌గా మళ్ళీ రాయొచ్చు, దానికీ కాదంటే ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, ఇదంతా ఆయన చదువుకునే ఉన్నారు. ఆ నోటీస్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. రాలేదు. రాకపోయేసరికి "వదిలేశారే, నా లెటర్ చూసి మనసు మార్చుకున్నారు" అని సంబరపడ్డారు కూడా.

అది వచ్చింది రా, పాత ఫ్లాట్‌కి వచ్చింది. ఎందుకంటే ఆ నోటీస్ నువ్వు లెటర్‌లో రాసిన అడ్రస్‌కి రాదు, డీవీఎల్ఏ (లైసెన్సులు, బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసు) దగ్గర రిజిస్టర్డ్ కీపర్, అంటే బండి ఎవరి పేరున నమోదై ఉందో వాళ్ళ, అడ్రస్ ఏది ఉందో దానికి వస్తుంది. ఆయన ఇల్లు మారగానే డ్రైవింగ్ లైసెన్స్ మీద అడ్రస్ మార్పించారు, డీవీఎల్ఏ ఒక్కటే కదా బండికీ మారిపోయుంటుంది అనుకున్నారు. మారదు. బండి లాగ్‌బుక్, అదే వీ5సీ అనే రిజిస్ట్రేషన్ కాయితం, వేరేగా మార్చాలి. మార్చకపోతే దానికే 1,000 పౌండ్ల దాకా ఫైన్ వెయ్యొచ్చు. నోటీస్ పోయింది, 28 రోజులూ పోయాయి, చార్జ్ సర్టిఫికెట్ వచ్చి పెనాల్టీ ఇంకో 50 శాతం పెరిగింది, అదీ పాత ఫ్లాట్‌కే, తర్వాత నార్తాంప్టన్‌లో ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్‌లో బాకీగా నమోదైంది, మాకు ఒక్క ముక్క తెలీదు. తెలిసింది ఎప్పుడంటే పొద్దున్నే బెయిలిఫ్ (బాకీ వసూలుకొచ్చే మనిషి) తలుపు కొట్టినప్పుడు. నేను ఒక్కదాన్నే ఉన్నా, స్టవ్ మీద పాలు, ఆ మనిషి చేతిలో లిస్టు. నోటీస్ అందలేదని టీఈ9, టైము దాటిపోయింది కాబట్టి దాంతో పాటు టీఈ7, ఆ ఫారాలన్నీ నింపి పంపాం. అడ్రస్ మార్చుకోకపోవడం మీ తప్పే అని వాళ్ళు ఒప్పుకోలేదు, మొత్తం ఫీజులతో సహా కట్టాం. డబ్బు పోతే పోయింది, అసలు న్యాయం ఆయన వైపు ఉండి కూడా ఆ మాట చెప్పుకునే చోటికి వెళ్ళలేకపోయారు, అదీ ఇప్పటికీ ఆయన బాధ.

నువ్వు పోయిన వేసవిలోనే ఇల్లు మారావు. అందుకే చెప్తున్నా, లెటర్ కన్నా ముందు వీ5సీ తీసి అడ్రస్ చూడు. పాతదైతే వెంటనే ఆన్‌లైన్‌లో మార్చు, పాత ఇంట్లో ఉన్నవాళ్ళకి ఫోన్ చేసి నీ పేరుతో ఏ కవరొచ్చినా ఫోటో తీసి పంపమను.

కౌన్సిల్ ఫార్మల్ లెటర్‌కి కూడా కాదంటే ట్రాఫిక్ పెనాల్టీ ట్రిబ్యునల్ ఉంది, ఫీజు లేదు, 28 రోజులు టైము. అయితే అక్కడ తీర్పు చెప్పే అడ్జుడికేటర్ చట్టం చూస్తాడు, జాలితో కొట్టెయ్యలేడు, మహా అయితే మళ్ళీ ఆలోచించమని కౌన్సిల్‌కి సిఫార్సు చేస్తాడు, అందుకే మొదటి రెండు లెటర్లూ నీకు ముఖ్యం. ఓడితే కట్టాల్సింది 25 కాదు 50, ఆ తేడా భరించగలిగితేనే అంతదాకా వెళ్ళు.

ఇంకోటి, ఇదే ఏ ప్రైవేట్ కార్ పార్కులోనో జరిగుంటే దారి వేరు. వాళ్ళది పెనాల్టీ చార్జ్ కాదు, పార్కింగ్ చార్జ్ నోటీస్, పొట్టి పేరు అదే పీసీఎన్, చాలామంది అక్కడే బోల్తా పడతారు. ముందు కంపెనీకి, తర్వాత ఆ కంపెనీ ఏ పార్కింగ్ సంఘంలో ఉందో బట్టి పోప్లా, ఐఏఎస్ అనే అప్పీళ్ళ సంస్థల్లో ఒకదానికి అప్పీల్. బండి ఎవరు నడిపారో తొందరపడి రాయకూడదు, కీపర్‌గానే రాయాలి, 2012 ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ యాక్ట్ ప్రకారం కీపర్ దగ్గర వసూలు చెయ్యాలంటే వాళ్ళు టైముకి సరైన నోటీస్ ఇచ్చుండాలి. అంతేగానీ చెత్తబుట్టలో వెయ్యమని ఫ్రెండ్స్ చెప్తే వినకు, కౌంటీ కోర్టు దాకా వెళ్ళి సీసీజే (బాకీ కట్టమని కోర్టు తీర్పు) పడి నెలలోపు కట్టకపోతే ఆరేళ్ళు రికార్డులో ఉంటుంది, రేపు ఇల్లు కొనుక్కునేటప్పుడు లోన్ దగ్గర అడ్డం పడుతుంది.

లెటర్ రాశాక నాకు పంపు, చూసిస్తాను. పెదనాన్న కూడా చూస్తానంటున్నారు, ఆయన కామాల దగ్గర్నుంచి దిద్దుతారు, విసుక్కోకు. ఆన్‌లైన్‌లో పంపితే సబ్మిట్ కొట్టాక వచ్చే రిఫరెన్స్ నంబర్ స్క్రీన్‌షాట్ తీసుకో. వీ5సీ సంగతి మాత్రం ఈ రాత్రికే చూసి ఒక మెసేజ్ పెట్టు, ఎంత లేటైనా సరే, మేలుకునే ఉంటా.

మీ పెద్దమ్మ