ఎండతో హైడ్రోజన్ తీసే చదువు మా అమ్మాయికి తగునా?

ప్రశ్న: మాది చిత్తూరు. కిరాణా దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి తిరుపతిలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. ఎండతో నీటి నుంచి హైడ్రోజన్ ఇంధనం తీసే పరిశోధన చేస్తానంటోంది. కంప్యూటర్ సైన్స్ తీసుకోమంటే వినడం లేదు. ఆ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: అమ్మాయి చెబుతున్న పద్ధతిలో హైడ్రోజన్ తయారు చేసి అమ్మే పరిశ్రమ ఇంకా రాలేదు. దాని మీద పని అంతా పరిశోధన దశలోనే ఉంది. అయినా ఆమెను ఆపవద్దనే అంటాను.

నీటిలో ఉంచిన టైటానియం డయాక్సైడ్ మీద వెలుగు పడితే నీరు విడిపోతుందని 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా ప్రకటించారు. గోడలకు వేసే తెల్ల రంగుల్లో ఉండేది ఆ పదార్థమే. కాంతి తగలగానే ఈ అర్ధవాహకంలో (సెమీకండక్టర్) ఎలక్ట్రాన్ పైస్థాయికి ఎగిరి, వెనుక ఒక ఖాళీని వదులుతుంది. ఎలక్ట్రాన్ వల్ల హైడ్రోజన్, ఖాళీ వల్ల ఆక్సిజన్ వెలువడతాయి. చాలాసార్లు ఆ పని జరగకముందే రెండూ మళ్లీ కలిసిపోతాయి, అదీ చిక్కు. పైగా ఈ పదార్థం పట్టుకునేది అతినీలలోహిత కిరణాలను మాత్రమే. సూర్యకాంతిలో అవి 5 శాతానికి మించవు. మే నెలలో తిరుపతి ఎండ ఎంత మండినా చాలావరకు వృథాయే. కంటికి కనిపించే వెలుగును పట్టే కాడ్మియం సల్ఫైడ్ అదే వెలుగుకు తానే క్షీణించిపోతుంది. 2021లో జపాన్ పరిశోధకులు 100 చదరపు మీటర్ల పలకలను ఆరుబయట నడిపితే, సౌరశక్తిలో హైడ్రోజన్‌గా మారింది గరిష్ఠంగా 0.76 శాతం. మిద్దె మీది సోలార్ ప్యానెల్ సుమారు 20 శాతాన్ని కరెంటుగా మారుస్తుంది.

ఈ లోటును పూడ్చాలనుకునేవారు అర్ధవాహకాలు, ఉత్ప్రేరకాలు, విద్యుత్ రసాయనశాస్త్రం లోతుగా నేర్వాలి. నా ధైర్యమంతా అక్కడే ఉంది. ఆ విద్య సౌర ఘటాలకూ, బ్యాటరీలకూ, కరెంటుతో నీటిని విడగొట్టే ఎలక్ట్రోలైజర్లకూ పనికొస్తుంది. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్ల రూపాయలతో ఆమోదించిన హరిత హైడ్రోజన్ మిషన్‌లో ఎలక్ట్రోలైజర్ల తయారీకి ప్రోత్సాహకాలున్నాయి. బ్యాటరీల పరిశ్రమ మీ జిల్లా పక్కనే, కరకంబాడిలో ఉంది.

దారి మాత్రం పొడవు. ఏర్పేడు దగ్గరి ఐసర్‌లో (కేంద్రం నడిపే విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ) బీఎస్-ఎంఎస్ ఐదేళ్లు, ఆపైన పీహెచ్‌డీకి మరో ఐదేళ్లు వేసుకోండి. అక్కడ సీటు రాకపోతే బీఎస్సీ రసాయనశాస్త్రం చదివి, జామ్ పరీక్షతో ఐఐటీలో ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోనూ ఇదే అంశంపై పనిచేసే ప్రయోగశాల ఉంది. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే భృతి) సాధిస్తే నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు కనుక పీహెచ్‌డీ ఖర్చు మీ దుకాణం మీద పడదు. మీరు మోయాల్సింది మొదటి ఐదేళ్లు.

నాలుగేళ్లలో ఆమె జీతం ఇంటికి అవసరమైతే ఆ మాట దాచకుండా అమ్మాయికే చెప్పండి. అప్పుడు కెమికల్ ఇంజినీరింగ్ మేలు. ఇంజినీర్లు పై చదువులకు రాసే గేట్ పరీక్షతో తర్వాత కూడా ఈ పరిశోధనలోకి రావచ్చు.

ప్రస్తుతానికి ఈఏపీసెట్‌తో పాటు ఐసర్ ప్రవేశ పరీక్ష ఐఏటీ కూడా రాయించండి. అందులోని 60 ప్రశ్నల్లో 15 జీవశాస్త్రానివి. ఎంపీసీ పిల్లలకు గండి పడేది అక్కడే. ఆ పుస్తకాలు ఈ వారమే తెప్పించండి.