డాలియా ముందు కాసేపు ఊరికే నిలబడు

బుజ్జీ,

నువ్వు పంపిన 42 ఫోటోలూ చూశాను. రాత్రి ఒకసారి, పొద్దున్నే కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి. "మొహమాటం లేకుండా చెప్పండి పెద్దనాన్నా" అన్నావు కదా, చెబుతాను. మూడు బాగున్నాయి. ఇంకొకటి చాలా బాగుంది, అదేదో చివర్లో చెబుతా. మిగతావన్నీ పరుగు మీద తీసినట్టున్నాయి. గంటలో 42 పూలంటే ఒక్కోదాని దగ్గర నిమిషంన్నర కూడా ఆగలేదన్నమాట.

నిన్ను తప్పుపట్టడం లేదు. డాలియా తోటలో ఎవరి పరిస్థితైనా అంతే. ఒక పువ్వు ముందు నిలబడగానే పక్క మడిలోది ఇంకా పెద్దగా, ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. కాలు నిలవదు. నేనూ మొదటి రెండేళ్లు అలాగే తిరిగి, వేల కొద్దీ ఫోటోలు తీసి, ఒక్కటీ గోడకు పెట్టుకోలేకపోయాను. ఈసారి వెళ్లినప్పుడు కెమెరా సంచిలోనే ఉంచి ముందు తోటంతా ఒక చుట్టు చుట్టిరా. నాలుగైదు పూలు మనసులో పెట్టుకో. రెండో చుట్టులో వాటి దగ్గరికే వెళ్లు, మిగతావాటి వైపు చూడకు.

ఇంతకీ ఏం చూడాలి? డాలియా చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానిది. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి బోలెడు చిన్న పూల గుత్తి. ఒంటి వరస రేకుల రకం ఒకటి వెతుక్కుని దగ్గరగా చూడు. చుట్టూ ఉన్న ఒక్కో రేకూ ఒక్కో పువ్వు. మధ్యలో పసుపు బొత్తాంలా ఉన్నదాంట్లో సన్నటి గొట్టాల్లాంటి పూలు కిక్కిరిసి ఉంటాయి. అవన్నీ ఒక్కసారి విచ్చుకోవు. అంచు నుంచి లోపలికి, వలయం తర్వాత వలయం తెరుచుకుంటూ వస్తాయి. బయటి వలయం మీద పుప్పొడి రాలుతుంటే నడిమధ్యలోవి ఇంకా మూసుకునే ఉంటాయి. అదంతా ఒక రూపాయి బిళ్లంత జాగాలో జరుగుతుంటుంది. దాని ముందు రెండు నిమిషాలు కూర్చుంటే తేనెటీగ వచ్చి ఆ తెరుచుకున్న వలయం మీదే గిరగిరా తిరగడం కనిపిస్తుంది. మధ్యకు పోదు, అక్కడ దానికింకా ఏమీ లేదు మరి.

ముద్దగా నిండిన రకాల్లో ఆ గొట్టం పూలు దాదాపు కనిపించవు, అన్నీ రేకులైపోయి ఉంటాయి. అందుకే తేనెటీగ ఫోటో కావాలంటే పళ్లెమంత పువ్వు దగ్గర కాపు కాయకు. ఒంటి రేకుల రకం దగ్గరికి వెళ్లు.

డాలియాల్లో ఇన్ని రూపాలెందుకంటే, చాలా మొక్కలకు క్రోమోజోములు రెండు కట్టలుగా ఉంటే తోటల్లో పెంచే డాలియాలకు ఎనిమిది కట్టలుంటాయి. విత్తనం వేసిన ప్రతిసారీ పేకముక్కలు కలిపి పంచినట్టే. ఏ మొక్క ఏ రంగులో, ఏ ఆకారంలో పూస్తుందో ముందు చెప్పలేం. నచ్చిన రకం అచ్చు అలాగే మళ్లీ కావాలంటే దుంప నుంచో, కొమ్మ ముక్క నుంచో పెంచాల్సిందే.

ఈ ఆకారమే నీ ఫోటో ఎలా ఉండాలో చెబుతుంది. నువ్వు అన్నిటినీ ఒకే ఎత్తులో నిలబడి, కొంచెం పైనుంచి వంగి తీశావు. బంతిలా గుండ్రంగా ఉండే రకాలు, వాటిలో మరీ చిన్నవైన పాంపాన్లు (5 సెంటీమీటర్లు దాటవు) అలా తీస్తే రంగు బంతుల్లా తేలిపోతాయి. వాటి అందమంతా రేకుల అమరికలో ఉంది. ఒక్కో రేకూ చిన్న దొన్నెలా చుట్టుకుని, మధ్య నుంచి రెండు వైపులకూ మెలికలు తిరుగుతూ వరసలు బయటికి వస్తాయి. కెమెరాను పువ్వు నడిమధ్యకు సూటిగా, దాని ముఖానికి సమాంతరంగా పెట్టు. అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ 8 లేదా 11 దగ్గర పెట్టు. గుండ్రటి వస్తువు కాబట్టి అపెర్చర్ బాగా తెరిస్తే మధ్యలో నాలుగు రేకులే స్పష్టంగా వచ్చి మెలికలన్నీ మసకబారిపోతాయి.

కాక్టస్ రకం చూశావా, రేకులు వెనక్కి చుట్టుకుని సూదుల్లా పొడుచుకొచ్చేది? దానికి వెనక చీకటి కావాలి. నీడలో ఉన్న పొదో, ముదురు ఆకులో వెనక వచ్చేలా రెండడుగులు పక్కకు జరిగితే చాలు. వెలుతురు పక్క నుంచి పడితే ప్రతి సూదికీ ఒక అంచు మెరుస్తుంది.

ఇక ఆ పళ్లెమంత పూలు, 25 సెంటీమీటర్లు దాటేవి. వాటిని పూర్తిగా ఫ్రేములో ఇరికించాలని అందరూ చూస్తారు, నువ్వూ పదకొండు తీశావు. ఎంత పెద్దదో ఫోటోలో తెలియదు బుజ్జీ, పక్కన కొలతకు ఏదీ లేకపోతే. దానికంటే అందులో మూడో వంతే తీసుకో. రేకులు ఒకదాని మీద ఒకటి పడుతూ అలల్లా వెళ్లే చోటు ఒకటి ఉంటుంది. కెఫే ఓ లే అనే రకం ఉంది, పాలెక్కువ కలిపిన కాఫీ రంగులో ఉంటుంది కనుక ఆ పేరు. దాని రేకుల మొదట్లో ఉన్న లేత గులాబీ ఛాయ పువ్వంతా తీస్తే కనబడనే కనబడదు.

ఏ రకమైనా సరే, వెనక్కి వెళ్లి ఒకసారి చూడు. ఇది నా పిచ్చి అనుకో. కాడ ఎక్కడ కలుస్తుంది, పచ్చటి చిన్న ఆకులు పువ్వును కింద నుంచి ఎలా పట్టుకున్నాయి, బయటి వరస రేకులు ఎంత వెనక్కి వాలాయి, అన్నీ అక్కడే ఉంటాయి. కొన్ని రకాల్లో రేకు వెనకవైపు రంగే వేరు.

రంగుల సంగతికి వస్తాను. నీ ఎర్ర డాలియాలన్నీ ఎర్ర రంగు గుమ్మరించిన ముద్దల్లా వచ్చాయి, ఒక్క రేకు గీతా లేదు. ఫోకస్ బాగానే ఉంది, అది నీ తప్పు కాదు. ఎర్ర పువ్వు ముందు కెమెరాలో ఎరుపు ముందుగా నిండిపోతుంది, మొత్తం వెలుతురు మాత్రం సరిగానే ఉన్నట్టు చూపిస్తుంది. ఎక్స్‌పోజర్ మూడింట రెండు స్టాపులో, ఒక స్టాపో తగ్గించు (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది). హిస్టోగ్రామ్‌లో (వెలుతురు పంపకం చూపే గ్రాఫు) ఎరుపు గీతను విడిగా చూడు. ఫోన్‌లో అయితే పువ్వు మీద వేలితో తాకి, వెలుతురు గుర్తును కిందికి లాగు. తెల్లవాటికి దీన్ని తిరగేసి చెయ్యాలి. మబ్బుపట్టిన రోజు తెల్ల పువ్వు ఫ్రేము నిండా ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగు చేసేస్తుంది, కొంచెం పెంచాలి. రేకుల మడతల నీడ చెరిగిపోయేంత పెంచకు.

నువ్వు "నీలం డాలియా!" అని రాసి పంపినది నీలం కాదు. అసలైన నీలం డాలియా ఇప్పటిదాకా లేదు. అది ఊదా రంగు. నీడలో తీశావు కాబట్టి ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తానే రంగులు సరిదిద్దే పద్ధతి) దాన్ని నీలం వైపు తోసింది. నీడ సెట్టింగ్ పెట్టి, తోటలో నిలబడి ఉండగానే స్క్రీన్‌నీ పువ్వునీ పక్కపక్కన పోల్చుకో. ఇంటికి వచ్చాక అసలు రంగు ఏమిటో ఎవరికీ గుర్తుండదు.

వెలుతురు గురించి ఎక్కువ చెప్పను, పలచటి మబ్బున్న పొద్దు అన్నిటికంటే మంచిది. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఫోటోలు మానేసి చూసి రా. గాలికి మాత్రం ఓపిక కావాలి. పొడుగు కాడ మీద బరువు తల, ఊగుతూనే ఉంటుంది. ప్రతి విసురు తర్వాత ఒకటి రెండు సెకన్లు ఆగుతుంది, ఆ క్షణం కోసం కాచుకుని వరసగా ఐదారు కొట్టు. షట్టర్ వేగం 250వ వంతు సెకనుకు తగ్గనీయకు. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 800కు వెళ్తుందని టెన్షన్ పడకు, కొంచెం గరుకు వచ్చినా ఫర్వాలేదు, పువ్వు కదిలిపోతే మాత్రం చేసేదేం లేదు.

గాలి ఆపడానికి పువ్వును చేత్తో పట్టుకోకు. ఇది నేను సిగ్గుపడుతూ చెబుతున్నాను. ఒకసారి ముదురు వంకాయ రంగు పువ్వు ఒకటి అటు తిరిగి ఉంది. మడి అంచున మోకాలు పెట్టి, రెండు వేళ్లతో మెల్లగా ఇటు తిప్పాను. టప్పుమని ఒక చిన్న చప్పుడు. డాలియా కాడ లోపల బోలుగా ఉంటుంది, చూడ్డానికి లావుగా ఉన్నా అలవోకగా విరుగుతుంది. పువ్వు నా చేతిలోకి వచ్చేసింది. అక్కడ పని చేస్తున్న తోటమాలి తలెత్తి చూశాడు, ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. అప్పటి నుంచి పువ్వు తిరగకపోతే నేనే తిరుగుతున్నాను, అటు దారి లేకపోతే వదిలేస్తున్నాను. అది అందరి తోట, మన తర్వాత ఇంకెవరో దాన్ని చూడ్డానికే వస్తారు. ట్రైపాడ్ కాళ్లు కూడా మడిలో దించకు, దారికి అడ్డంగానూ పెట్టకు. కొన్ని చోట్ల అసలు ట్రైపాడ్‌కు అనుమతే ఉండదు, గేటు దగ్గరే అడుగు.

ఇంకో చిన్న పొరపాటు. 17వ ఫోటోకు "మొగ్గ" అని పేరు పెట్టావు. అది వాడి రాలిపోయిన పువ్వమ్మా. డాలియా మొగ్గ గుండ్రంగా, పైన కొంచెం చదునుగా, గట్టిగా ఉంటుంది. రేకులు రాలిన తల కొసదేరి శంకువులా సాగి ఉంటుంది. మొదట్లో తోటపని చేసేవాళ్లే తికమకపడి మొగ్గలు తుంచేస్తుంటారు. ఆ రెండూ ఒకే కొమ్మ మీద పక్కపక్కన దొరికితే తియ్యి, నాకు చాలా ఇష్టమైన ఫ్రేము అది.

ప్రతి మడి దగ్గరా ముందు పేరు పలక ఫోటో తీసుకో. తర్వాత గుర్తుపట్టడం నీవల్ల కాదు, నావల్లా కాదు. బిషప్ ఆఫ్ లాండాఫ్ అనే రకం కనిపిస్తే ఆగు, ఎర్ర పువ్వు, నల్లటికి దగ్గరగా ఉండే ఆకు. వెనక చీకటి కోసం వెతుక్కోనక్కర్లేదు, ఆకే ఇస్తుంది. పేర్లంటే గుర్తొచ్చింది, డాలియా అనే మాటే ఒక మనిషి పేరు. మెక్సికో నుంచి వచ్చిన ఈ మొక్కకు 1791లో మాడ్రిడ్ ఉద్యానంలో కవనీయెస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు స్వీడన్‌కు చెందిన మరో వృక్షశాస్త్రజ్ఞుడు ఆండర్స్ డాల్ పేరు పెట్టాడు. అప్పటికి డాల్ చనిపోయి రెండేళ్లు. తన పేరుతో ఒక పువ్వు ఉందని ఆయనకు తెలియనే తెలియదు. మెక్సికో దీన్ని 1963లో తమ జాతీయ పుష్పంగా ప్రకటించుకుంది.

సరే, ఆ చాలా బాగున్న ఫోటో 31వది. పువ్వు వెనక నుంచి, కింద నుంచి తీసింది. కాడ మెడ దగ్గర కొంచెం వంగి, ఎండ రేకుల్లోంచి దిగి, సన్నటి ఈనెలన్నీ కనిపిస్తున్నాయి. అన్ని ఫోటోలకూ ఏదో ఒకటి రాశావు, దీనికి మాత్రం ఏమీ రాయలేదు. లేస్తూ పొరపాటున నొక్కి ఉంటావని నా అనుమానం. దాన్ని క్రాప్ చెయ్యకు. పెద్ద సైజు ఫైలు నాకు పంపు, గోడకు పెట్టుకుంటాను. ఈసారి వెళ్లినప్పుడు మోకాళ్ల కింద వేసుకోవడానికి ఏదైనా మందపాటి గుడ్డ తీసుకెళ్లు.

మీ పెద్దనాన్న