అడగండి, చెబుతాను: జపాన్ రేవుల్లో పదకొండు రోజులు

జపాన్ తీరం వెంట ఓడలో తిరిగొచ్చానని పోయిన సంచికలో ఒక్క వాక్యం రాశాను. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాని మీదే. ముప్పై ఒక్క ఏళ్లు నల్లగొండ జిల్లా బడుల్లో సోషల్ చెప్పాను. జపాన్ పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద నాలుగు దీవులు గీసి హొక్కైడో, హోన్షు, షికోకు, క్యూషు అని పిల్లల చేత అరిపించేదాన్ని. ఆ దీవుల చుట్టూ తిరిగే యోగం అరవై నాలుగో ఏట పట్టింది. తోడు మా పెద్దాడబిడ్డ. నాకు వదినె. పుట్టపాక మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. అంతకుముందు మేమిద్దరం ఎక్కిన ఓడ ఒక్కటే, సాగర్‌లో నాగార్జునకొండకు పోయే లాంచీ.

మేడమ్ గారూ, మా ఆవిడా నేనూ అరవై దాటినవాళ్లం. పిల్లలు జపాన్ పంపుతామంటున్నారు. ఓడ మేలా, రైళ్లలో తిరగడం మేలా? ఓడలో పోతే చరిత్ర ఏమన్నా కనబడుతుందా, తిండీ డాన్సులేనా?
– రిటైర్డ్ లెక్చరర్, మిర్యాలగూడ

మోకాళ్ల నొప్పులుంటే ఓడే మేలు సార్. పెట్టె ఒక్కసారి విప్పి సర్దుకుంటే చాలు, మళ్లీ దిగే రోజే మూయడం. రాత్రి పడుకుంటే పొద్దున ఇంకో ఊరు కిటికీ ముందుంటుంది. అయితే ఓడ రేవులో ఆగేది పొద్దున ఏడెనిమిది నుంచి సాయంత్రం ఐదారు దాకానే. అందులో దిగే వరుస, ఎక్కే వరుస తీసేస్తే చేతికి మిగిలేది ఒక బడిదినం.

ఈ లెక్క తెలియక కోబెలో దెబ్బతిన్నాం. అక్కడి నుంచి క్యోటో డెబ్బై కిలోమీటర్ల పైనే. ఒక్కరోజులో మూడు గుళ్లు చూపిస్తామన్న బస్సెక్కాం. క్యోటో అంటే ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది ఆ బస్సు సీటు కవర్ల రంగు. ఇక నుంచి రేవుకు ఒక్కటే చూద్దామని ఆ సాయంత్రం ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం.

హిరోషిమాలో ఆ ఒట్టు నేనే తప్పాను. పొద్దున మియాజిమా దీవికి పోయాం. అక్కడి ఇత్సుకుషిమా గుడిని ఇప్పుడున్నంత విస్తారంగా 1168లో కట్టించింది తైరా నో కియోమోరి అనే యోధుడు. గుడి ముందు సముద్రంలో నిలబడిన ఎర్రటి తోరణాన్ని ఫొటోల్లో చూసే ఉంటారు. వాళ్లు దాన్ని ‘తోరి’ అంటారు. మాట మన తోరణం నుంచే పోయిందని చెప్పేవాళ్లున్నారు, నేనైతే ఒట్టేసి చెప్పను. ఇప్పుడున్నది 1875లో నిలబెట్టింది. ఎత్తు పదహారు మీటర్ల పైమాటే. దానికి పునాది గుంత లేదు. స్తంభాలను భూమిలో పాతలేదు, తన బరువు మీదే నిలబడింది. పైనున్న దూలం పెట్టెలాగా డొల్లగా ఉంటుంది, దాని నిండా పిడికిలంత రాళ్లు పోశారు. గాలికి ఎగరకుండా పూరికప్పు మీద రాళ్లు పెట్టే మనకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పెద్ద స్తంభాలు రెండూ కర్పూర చెట్టు మొద్దులు. ఉప్పునీళ్లలో తొందరగా కుళ్లవు, పురుగూ తొందరగా ముట్టదు.

మేం పోయింది నీళ్లు వెనక్కి తగ్గిన వేళ. తడి ఇసుకలో చెప్పులు చేతబట్టుకుని తోరణం కిందికి నడిచాం. దూరాన్నుంచి అంత నున్నగా కనబడే స్తంభం, దగ్గరికి పోతే మోకాటి ఎత్తు దాకా గుల్లలు పట్టి గరుకు గరుకుగా ఉంది. మూడు గంటలు ఆగి చూస్తే మేం నిలబడిన చోట పడవ తిరుగుతోంది. ఆటుపోట్ల వేళలు ముందురోజే ఓడలో అడిగి పెట్టుకోండి. ఆ గుడి పక్కనే దైగాన్-జి అని ఇంకో గుడి ఉంది. అక్కడ కొలువైన బెంజైతెన్ ఎవరో కాదు, మన సరస్వతే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా పోయింది. చేతిలో వీణకు బదులు ‘బివా’ అనే వాయిద్యం ఉంటుంది.

మధ్యాహ్నం శాంతి మ్యూజియం. ఆ రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. పెట్టుకున్నా మ్యూజియం ముందు చూసి తర్వాత దీవికి పోండి, మాలాగా తిరగేసి కాదు. 1945 ఆగస్టు 6, పొద్దున 8:15. ఆ వేళకు ఆగిపోయిన చేతిగడియారం అద్దాల పెట్టెలో ఉంది. ఆ ముచ్చట నేను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. వదినె మాత్రం, “బడికి పొయ్యే యాళ్ల గదనే” అన్నది. నిజమే. మంటలు వ్యాపించకుండా ఇళ్లు పడగొట్టే పనికి ఆ పొద్దున బడిపిల్లలనే వేల మందిని తోలారు. అట్లాంటి ఒక పిల్లవాడి టిఫిన్ డబ్బా మ్యూజియంలో ఉంది, లోపల బువ్వ బొగ్గైపోయి. నాకు ఇక కాళ్లు ముందుకు పడలేదు. ఆ బాంబు యురేనియంది. లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం తవ్వొద్దని జనం కొట్లాడిన జిల్లా నుంచి పోయినదాన్ని, ఆ మాట చదివి ఊరుకోలేకపోయాను. బయట నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని ఓడకు చివరి బస్సు దాకా ఉండిపోయాం.

సోమశిల నుంచి శ్రీశైలం లాంచీలోనే నాకు కడుపులో తిప్పింది. సముద్రం మీద ఎట్లా అక్కా? పైగా శాకాహారిని.
– గృహిణి, కొల్లాపూర్

హోన్షు, షికోకు, క్యూషుల మధ్య ఉన్నది సెతో లోపలి సముద్రం. చుట్టూ భూమి, మధ్యలో ఏడు వందలకు పైగా దీవులు, అల పెద్దగా లేవదు. అక్కడ మీ సోమశిల నీళ్లకంటే నెమ్మది. పసిఫిక్ వైపు తిరిగినప్పుడే ఊపు. ఆగస్టు, సెప్టెంబర్ తుపాన్ల కాలం, ఆ నెలలు వదిలేయండి. మందుబిళ్ల వేసుకుంటే ఊపు మొదలవకముందే వేసుకోవాలి, మొదలయ్యాక లాభం లేదు.

తిండి సంగతి. ఓడలో శాకాహారానికి కొదవ లేదు. చిక్కంతా ఒడ్డు మీదే. కూరగాయలే కనబడే పులుసు కూడా ‘దాషి’తో చేస్తారు. అందులో ఎక్కువగా ఎండు చేప తురుము పడుతుంది. ‘షోజిన్ ర్యోరి’ అని సన్యాసుల భోజనం అడగండి, అందులో చేప ఉండదు. మేం సకినాలు, గరిజెలు ఒక స్టీలు డబ్బా నిండా పట్టుకుపోయాం. నాటుకోడి పచ్చడి మాత్రం పెట్టుకోవద్దు, మాంసంతో చేసింది ఏదీ ఆ దేశంలోకి రానివ్వరు. మీరు శాకాహారి అయినా పక్కింటివాళ్లు తమ పిల్లలకిమ్మని ఇస్తారు, అందుకని చెబుతున్నా.

ఓడలో పోతే వీసా సులువని విన్నాం. నిజమేనా?
– ఎరువుల వ్యాపారి, జడ్చర్ల

కాదు. ఇంకా మెలిక. ఒక్క జపాన్ రేవుల మధ్యే జనాన్ని చేరవేయడానికి విదేశీ జెండా ఓడలకు అక్కడ అనుమతి లేదు, 1899 నాటి చట్టం అది. అందుకే మధ్యలో ఒకచోట, ఎక్కువగా కొరియాలోని బుసాన్‌లో ఆపుతారు. అంటే మీరు జపాన్ దాటి మళ్లీ జపాన్‌లోకి వస్తారు. సింగిల్ ఎంట్రీ వీసా ఉంటే అక్కడే చిక్కు. మా టికెట్లు చేసిన ఏజెంటు సింగిల్‌కే దరఖాస్తు పెట్టించాడు. బయలుదేరేందుకు ఇరవై రోజులుందనగా మా అల్లుడు చూసి పట్టుకున్నాడు. అడిగితే ఏజెంటు “అందరూ గిట్లనే పోతరు మేడమ్” అన్నాడు. మళ్లీ కాగితాలు, మళ్లీ బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఒకటికి మించి ప్రవేశాలున్న వీసాకే పెట్టండి. కొరియాకు వేరే వీసా కావాలో అక్కర్లేదో ఓడ కంపెనీతో రాయించుకోండి, నోటి మాట నమ్మకండి.

అమ్మా, మాది నారాయణపూర్ మండలం. ఇంట్లో చిటికి, అదే పోచంపల్లి ఇక్కత్, నేస్తాం. ఫోన్లో జపాన్ బట్ట ఒకటి చూస్తే అచ్చం మనదే. వాళ్లు మన దగ్గర నేర్చుకున్నరా?
– డిగ్రీ విద్యార్థిని

నీ ఉత్తరం వదినెకు చదివి వినిపించాను తల్లీ. ఆమె చెప్పమన్నవి కూడా కలిపి రాస్తున్నా.

ఆ బట్టను వాళ్లు ‘కసురి’ అంటారు. పేరు వినగానే వదినె, “ఎవలను కసురుడు?” అని నవ్వింది. అంచులు చెదిరి మసకబారినట్టుండటం అని దాని అర్థమట. చిటికి పువ్వు అంచు ఎట్లా తొణికినట్టుంటుందో అట్లాగే. క్యూషులో హకాతా రేవు దిగి రైలెక్కితే గంటలోపు కురుమె. ఆ ఊరి కసురికి పెద్ద పేరు. అక్కడ ఒక నేతగాళ్ల ఇంటికి పోయాం. దారాన్ని ముడులు కట్టి నీలి తొట్టిలో ముంచి, విప్పి, ఆరబెట్టి, మళ్లీ కట్టడం. అంతా తెలిసిన పనే. తేడా ఒక్కచోట. మన దగ్గర పాత సైకిల్ ట్యూబు పీలికలతో బిగిస్తాం కదా, వాళ్లు జనపనార లాంటి ఒక చెట్టు పట్టతో కడతారు. నానితే అది ఉబ్బి ఇంకా గట్టిగా పట్టుకుంటుందట. వదినె ఒక ముడి అడిగి తీసుకుని గోటితో గీరి చూసింది. తర్వాత మగ్గం మీది బట్టను తిప్పి వెనక వైపు చూసింది. ఆ ఇంటి ముసలమ్మ గబుక్కున లేచొచ్చింది. ఏదో తప్పు చేశామనుకున్నా. ఆమె వచ్చి వదినె చెయ్యి పట్టుకుని వేళ్ల కొసలు తడిమింది. చూపుడువేలు పక్కన, దారం కోసి కోసి గట్టిపడ్డ చోటు. తన వేలూ చూపించింది. నా చేతికి సుద్దముక్క మచ్చ తప్ప ఏముంది, ఒక పక్కన నిలబడ్డాను.

వదినె ఆమెకు ఆసు పోయడం, అంటే ముడులు కట్టేముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడం, ఎట్లాగో గాలిలో చేసి చూపించింది. చెయ్యి కిందికీ మీదికీ, కిందికీ మీదికీ. ఒక చీరకు తొమ్మిది వేల సార్లు. చింతకింది మల్లేశం ఆసు యంత్రం రాకముందు మన ఆడవాళ్ల భుజాలు పోయింది అందుకే. మా వదినె కుడి భుజం ఇప్పటికీ పైకి లేవదు. అందుకని ఎడమ చేత్తో చేసి చూపించింది.

నీ అసలు ప్రశ్నకు వస్తున్నా. మన దగ్గర నేర్చుకున్నారని నేను చెప్పను. కురుమెలో ఆ పని రెండు వందల ఏళ్ల కిందే ఉంది. ఇనౌయె దెన్ అనే పన్నెండు పదమూడేళ్ల పిల్ల, వెలిసిపోయిన పాతబట్ట మీద తెల్ల చుక్కలు చూసి, ఎట్లా పడ్డాయోనని పోగులు విప్పి కనిపెట్టిందని వాళ్లు చెప్పుకుంటారు. మన పోచంపల్లికి చిటికి చీరాల నుంచి వచ్చి నూరేళ్ల పైచిలుకే. వాళ్లదే ముందు. ఇది రాస్తే ఊళ్లో కొందరికి కోపం వస్తుంది, రానీ.

కానీ మన బట్ట అక్కడికి పోయిన దారి ఇంకొకటుంది, అది నాగసాకిలో చూశాను. జపాన్ తలుపులు మూసుకున్న రోజుల్లో ఐరోపా వాళ్లలో ఒక్క డచ్చివాళ్లనే రానిచ్చారు. వాళ్లనూ ఊళ్లోకి కాదు, సముద్రం పూడ్చి 1636లో కట్టిన దెజిమా అనే చిన్న దీవికి. విసనకర్ర ఆకారం, నాలుగెకరాల లోపు. 1641 నుంచి రెండు వందల ఏళ్లకు పైగా వాళ్లు అక్కడే కట్టుబడి ఉన్నారు. ఇప్పుడు చుట్టూ సముద్రం పూడిపోయి, ఊరి నడిమధ్య ట్రాము పట్టాల పక్కన ఉంది. ఆ డచ్చివాళ్లకే ఇటు బందరులో కోఠీ, అంటే సరుకు కొని నిల్వచేసే వర్తక స్థావరం. గోల్కొండ రాజ్యం లోపల, ఇప్పటి ఖమ్మం జిల్లా నాగులవంచలోనూ కోఠీ పెట్టి బట్టలు కొన్నారు. మన తీరం అద్దకం బట్టలు ఆ ఓడల్లో దెజిమాకు చేరేవి. వాటిని అక్కడ ‘సరసా’ అనేవాళ్లు. ఎంత అపురూపమంటే, జానెడు ముక్కను కూడా పారేయక టీ పొడి బుడ్డికి సంచిగా కుట్టుకున్నారు. నేత నీది కాబట్టి ఆ దారి వెతుకు, పీజీకి మంచి విషయం.

నాగార్జునుడు మనవాడంటారు. జపాన్‌లో ఆయన పేరు ఎవరికైనా తెలుసా?
– ఇంటర్ విద్యార్థి, పెద్దవూర

తెలుసు నాయనా, మనకంటే ఎక్కువ మందికి. అక్కడి పేరు ‘ర్యూజు’. కనజావాలో ఓడ ఆగినప్పుడు వాన పడుతుంటే ఒక చిన్న గుడిలోకి దూరాం. జోదో షిన్‌షు అనే బౌద్ధ శాఖ గుడి అది. 1488లో ఆ శాఖ భక్తులు, రైతులు కలిసి అక్కడి పాలకుణ్ణి కూలదోసి, 1580 దాకా ఆ సీమను తామే ఏలుకున్నారు. నల్లగొండ పిల్లవాడికి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి.

గుడిలో ఒక పక్క ఏడుగురు గురువుల పటం వేలాడుతోంది. ఆ శాఖకు పరంపరలో మొదటి గురువు నాగార్జునుడు. పటం చూపించి పూజారి ‘ర్యూజు’ అన్నాడు, నాకు ముందు అందలేదు. నా చేతి డైరీ తీసుకుని రెండు అక్షరాలు రాశాడు. మొదటిది నాగం, వాళ్ల లెక్కలో డ్రాగన్. రెండోది చెట్టు. అర్జునం అంటే మద్దిచెట్టు కదా, దాన్ని అట్లా మార్చుకున్నారు. నేను మా సాగర్, కొండ మీద మ్యూజియం, కింద మునిగిన లోయ అన్నీ చేతులతో చెప్పబోయాను. ఆయనకు సగమే అర్థమైంది. నాగార్జునుడు నాగార్జునకొండలోనే ఉన్నాడనడం మన సంప్రదాయం చెప్పే మాట, రుజువైన చరిత్ర కాదు. అది చెప్పడం నా చేతులకు చేతకాలేదు.

వదినె ఆ అక్షరాలు చూసి, “తెల్లమద్దా, నల్లమద్దా?” అన్నది. తెల్లమద్ది. ఆ పేజీకి జిరాక్స్ తీసి నీ చిరునామాకు పోస్టు చేశాను. అందకపోతే ఒక కార్డు రాయి.